నేను దాచిన మలయాళం నోటుబుక్కు

కొత్త నోటుబుక్కు తెరిస్తే వచ్చే జిగురు వాసనకు నాకిప్పటికీ గుండె దడ పుడుతుంది. నాచారంలో మా సండే స్కూల్ టీచర్ రూతమ్మ గుర్తొస్తుంది. కాగితం చూడకుండా దేవుని వాక్యం చెప్పడం నాకు నేర్పింది ఆమే. మా సంఘంలో నెలకొక ఆదివారం ఎవరో ఒకరు ముందు నిలబడి బైబిల్లోని ఒక కీర్తన మొత్తం కంఠతా అప్పజెప్పాలి. ఆమె ఏనాడూ తడబడలేదు.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడడానికి మూడు నాలుగేళ్ల ముందు ఒకరోజు ఆమె నన్ను చనిపోయిన తన అక్క పేరుతో పిలిచింది. ఉప్పల్‌లో డాక్టరుకు చూపించాను. "మరుపు మొదలైందమ్మా. ఆపుతనని మాటియ్యను. మెదడుకు కొత్త పని పెట్టున్రి. కొత్త భాష నేర్సుకుంటే మెదడు కొత్త దారులు ఏసుకుంటది" అన్నాడాయన. ఆటోలో వస్తుంటే టీచర్ నా చెయ్యి వదల్లేదు. "మా అక్క ఆఖర్ల కన్నకొడుకునే ఎవరు బాబూ అన్నది. నాకు పేర్లు పోతే పోనీ బిడ్డా. వాక్యం పోతే దేవునితోని ఏం మాట్లాడాలె?"

టీచర్ ఇంటి మేడ మీద ఏలియమ్మ అనే కేరళ నర్సు అద్దెకుండేది. మా సంఘానికే వచ్చేది. ఆమె దగ్గర టీచర్ మలయాళం మొదలుపెట్టింది. "ఇవి అచ్చరాలా, జిలేబీలా?" అనేది. "తినొద్దు టీచరమ్మా, రాయండి" అనేది ఏలియమ్మ. ఏ కీర్తన తెలుగులో అప్పజెప్పాలో అదే టీచర్ ఒక నోటుబుక్కులో మలయాళంలో రాసుకుని రోజూ చదివేది.

అయినా తెలుగు వచనాలు జారిపోతూనే ఉన్నాయి. సంఘ పెద్ద యేసుదాసన్న నన్ను పక్కకు పిలిచాడు. "నిండిన ట్రంకుపెట్టెల ఇంకింత కుక్కితే ఏమైతది? అడుగువి నలుగుతయి. జర గా మలయాళం మాన్పియ్యి" అన్నాడు. నిజమేననిపించింది. ఆ నోటుబుక్కు తీసి ఆమె బియ్యం డబ్బాలో అడుగున దాచాను.

ఆమె రెండు రోజులు ఇల్లంతా వెతికింది. "యాడ వెట్టిన్నో గది గూడ మర్శిన. అక్క లెక్కనే అయితున్న" అని మంచం పట్టె పట్టుకుని కూలబడింది. నేను పక్కనే ఉండీ నోరు విప్పలేదు. అంత భయంలో ఆమెను నేనే పడేశాను.

ఆదివారం ఆమె వంతు వచ్చింది. సగం కీర్తన దగ్గర గొంతు ఆగిపోయింది. ఆమె కళ్లు గోడల మీద ఏదో వెతుకుతున్నాయి. ప్రభువా, ఆమె నోటినుంచి నీ మాట తీసెయ్యకు అని వేడుకున్నాను. అప్పుడామె పెదవులు కదిలాయి. వచ్చింది మలయాళం. మాకెవరికీ అర్థం కాలేదు. వెనక వరసలో ఏలియమ్మ లేచి నిలబడి "ఆమెన్" అంది. టీచర్ ఊపిరి తీసుకుని చివరి రెండు వచనాలు తెలుగులో ముగించింది.

ఇంటికి వెళ్లి డబ్బాలోంచి నోటుబుక్కు తీసి ఆమె ఒడిలో పెట్టాను. "నేనే దాసిన టీచరమ్మా."

ఆమె అట్టకంటిన బియ్యపు తవుడు చాలాసేపు తుడిచింది. "అయితే నేను మర్శిపోలే గదా" అంది. "గంతే సాలు బిడ్డా."

తర్వాత కొన్నేళ్లకు ఆమె నా పేరు కూడా మరిచిపోయి కన్నుమూసింది. పోయినవారం ప్రార్థన మధ్యలో నాకూ ఒక వచనం అందలేదు. భయంతో మోకాళ్ల మీదే ఉండిపోయాను. మర్నాడు నోటుబుక్కు కొన్నాను. ఏలియమ్మ ఫోన్‌లో మలయాళం అక్షరాలు దిద్దిస్తోంది. రాసిన తర్వాత దాన్ని అలమారలో పెట్టను. అందరికీ కనిపించేలా బల్ల మీదే తెరిచి ఉంచుతాను.