ఉత్త చేతులతో వెళ్లిన పని

ఎనభైల మొదట్లో కామాటిపురాలో, వరుసగా ఇరుకు గదులుండే మా చాల్‌లో ఎవరికైనా దయ్యం పట్టిందంటే మొదట నేనే వెళ్లి మంత్రగాడి చేతిలోని వేపమండ లాక్కునేవాణ్ణి. తాయెత్తులు అమ్మేవాడితో మెట్ల మీదే గంటసేపు వాదించేవాణ్ణి. కింది గదిలో ఆదివారాలు తెలుగు ప్రార్థన జరుగుతుంటే, దాన్నీ ఓడించాలనే వెళ్లాను. నా ప్రశ్నల్లో చాలావాటికి జవాబు తనకు తెలియదన్నారు పాస్టరుగారు. తెలియదని ఒప్పుకున్న మతగురువును అంతకు ముందు చూడలేదు. రెండేళ్లకు ఆయన దేవుణ్ణి నేనూ నమ్మాను. ప్రశ్నలు మాత్రం మానలేదు.

ఒక వానాకాలం పాస్టరుగారు కామెర్లతో మంచం పట్టారు. అదే వారం మా ప్రార్థనకు వచ్చే ఒక పాలమూరు కూలీ, వర్లిలో కడుతున్న మేడ మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చారు. కళ్లు మూస్తే మళ్లీ పడిపోతున్నట్టుందని నిద్రే పోవడం లేదట. అతని భార్య వచ్చి నా గడపలో నిలబడింది.

“అన్నా, పాస్టరయ్య నిన్నే తోల్కపొమ్మన్నడు. జర వచ్చి ప్రార్థన జెయ్యి.”

“నాకు ప్రార్థన చెయ్యడం రాదమ్మా. నా నమ్మకమే అంతంతమాత్రం. ఇంకెవరినైనా పిలవండి.”

“లెక్చర్ ఇయ్యనీకి వస్తది, గిది రాదా?” అంది. ఆమె కూడా రోజూ పొద్దున నాకా మీద, అంటే కూలీలు పని కోసం నిలబడే కూడలిలో, నిలబడే మనిషే. “నాకా మీదికి మేం పార, తట్ట పట్టుకొని పోతమా అన్నా? ఉత్త చేతులతోనే పోతం. పనికి పిలిచిన మేస్త్రీనే సామాన్ ఇస్తడు. నిన్ను పిలిచినోడు ఇయ్యడా?”

ఉపమానం రుజువు కాదని నాకు తెలుసు. అయినా చెప్పులు వేసుకున్నాను.

చాప మీద అతను వెల్లకిలా పడుకుని పైకప్పునే చూస్తున్నాడు. నేను అలవాటుగా గొంతు సవరించుకుని, మనిషికి బాధ ఎందుకు వస్తుందో మొదలుపెట్టాను. రెండో కారణం దగ్గర అతను చెయ్యెత్తాడు.

“అన్నా, ఇరిగింది నడుము. చెవులు మంచిగనే ఉన్నయ్. జర మెల్లగ.”

భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఉపన్యాసం ఆపేశాను. అతని చెయ్యి పట్టుకున్నాను. సిమెంటుకు ఒరిసి పగిలిన అరచెయ్యి.

“ప్రభువా, ఇతనికి భయంగా ఉంది. నాకూ భయంగానే ఉంది. నువ్వు ఇక్కడ ఉండు.”

అంతే. ఆమెన్ అనడం కూడా మర్చిపోయాను. అది అతనే అన్నాడు. కాసేపటికి నా వేళ్ల మీద అతని పట్టు సడలింది. కిరోసిన్ స్టవ్ చప్పుడుకు ఎక్కడ లేస్తాడోనని ఆమె దాన్ని ఆర్పేసింది. కాలు తిమ్మిరెక్కినా కదలకుండా మధ్యాహ్నం దాకా కూర్చున్నాను.

నా ప్రార్థనతో నడుము అతుక్కుందని నేను చెప్పను. దానికి నెలలు పట్టింది. నిద్ర కూడా అలసటతోనే వచ్చిందనవచ్చు. ఆ వాదన మీకన్నా నేనే బాగా చెయ్యగలను. కానీ నన్ను పంపినవాడికి నా చేతకానితనం ముందే తెలుసని ఆ గదిలో నమ్మాను. తెలిసీ పంపినందుకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

మర్నాడు ఆమె మళ్లీ వచ్చింది. “లేవంగనే నువ్వేడ అని అడుగుతుండు, అన్నా.”

వెళ్లాను. అతను గోడ పట్టుకుని నిలబడేదాకా రోజూ వెళ్లాను. పాస్టరుగారు కోలుకున్నాక కూడా ఆ పని నా దగ్గర్నుంచి తీసుకోలేదు.