మా మేనమామ పాదాలు చూసిన రోజు

మొన్న మా అబ్బాయి ఫోనులో ఎక్కడో నూరేళ్ళ కిందట జరిగిన బాక్సింగు పోటీ చూపించాడు. మాట లేని నలుపు తెలుపు బొమ్మ. ఆనాటి హెవీవెయిట్ ఛాంపియన్ కొండలా నిలబడి ఉంటే, ఇతనికి ఆట రాదు, ఉన్నదల్లా ఒంటి బలమేనని వీడియో కింద జనం రాసి పెట్టారు. మావాడూ అవునన్నట్టు నవ్వాడు. నాకు మాత్రం చెంప చెళ్ళుమన్నట్టయింది, ఎందుకంటే సరిగ్గా ఆ మాటే ఒకప్పుడు నేను మా మేనమామ గురించి రాసి అచ్చు వేయించాను.

మన ఈడువాళ్ళలో గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గర టీ తాగినవాళ్ళకి ఆయన గుర్తుండే ఉంటాడు. ఆరడుగుల పైచిలుకు మనిషి, హమాలీల ముఠాకి మేస్త్రీ. పదహారో ఏట నుంచీ మూటలు మోసినవాడు కావడంతో, ఘాటుకి అందరూ తుమ్ముతుంటే తను తువ్వాలైనా అడ్డం పెట్టుకోకుండా టిక్కీ అనే మిర్చి బస్తాని వీపున వేసుకుని, లారీకి ఆనించిన జానెడు బల్ల మీదుగా పైకెక్కేసేవాడు. కుర్రతనంలో మా జిల్లాకి హెవీవెయిట్‌లో రాష్ట్రం కప్పు మొదట తెచ్చింది ఆయనే. అయినా ఆ కప్పుని ఎవరూ లెక్క చేసేవారు కాదు. ఆ బరువులో అప్పుడు పోటీకి ఎవరున్నారు, దున్నపోతుని నిలబెట్టినా గెలిచేదని ఎకసెక్కాలాడేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

తొంభై ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో, నేను కొత్తగా శిక్షణ పూర్తి చేసుకొచ్చి మా వ్యాయామశాలలో పిల్లలకి బాక్సింగు నేర్పుతున్న రోజులవి. కొత్తగా నేర్చినవాడికి నోరెక్కువ. వార్షికోత్సవ సంచికకి పాతవాళ్ళ ఆట గురించి వ్యాసం రాస్తూ, సొంతవాళ్ళ విషయంలోనైనా మొహమాటపడడని అనిపించుకోవాలన్న యావతో, మా మేనమామని గెలిపించింది బరువేనని తేల్చేశాను. ఆయన దాన్ని మా అత్తయ్య చేత చదివించుకుని విన్నాడట. తర్వాత చాలా రోజులు మా ఇంటి వైపు రాలేదు.

ఆ సంచిక ఎవరు పట్టుకెళ్ళారో గానీ వేటపాలెం దాకా వెళ్ళింది. ఒక ఆదివారం పొద్దున్నే అక్కడి జీడిపప్పు బట్టీల్లో పనిచేసే సాయిబుగారొకాయన దాన్ని చంకలో పెట్టుకుని బస్సు దిగాడు. వద్దన్నా వినకుండా మా మేనమామని ఇంట్లోంచి లేవదీసి వ్యాయామశాలకి వెంటబెట్టుకొచ్చాడు. ఆనాటి ఫైనల్లో మా మేనమామ చేతిలో ఓడిపోయిన మనిషి ఆయనే. రాసిందెవరని అడిగి, నన్ను ఎగాదిగా చూసి, ఆ పేజీ నా ముందు పెట్టాడు.

"మీరు తక్కువ చేసింది ఈయనొక్కణ్ణే కాదు మాస్టారూ, నన్ను కూడానండి. ఉత్త బరువుకే పడిపోవడానికి నేనేమన్నా గోనెసంచినా?"

చెప్పడమెందుకు, చూపిస్తానని ఆయనే గ్లవ్స్ తొడుక్కున్నాడు. ఈ వయసులో ఇదేంటయ్యా అని గొణుగుతూనే మా మేనమామ చెప్పులు విప్పి, లుంగీ ఎగ్గట్టి, తాళ్ళ మధ్యలోంచి రింగులోకి దూరాడు. ఒక్కటే రౌండు. సాయిబుగారు నిజంగానే కొట్టాడు, ఎడాపెడా కొట్టాడు. ఒక్కటీ తగల్లేదు, ప్రతి గుద్దూ బెత్తెడు దూరంలో గాలికే పోయింది. అప్పుడు ముఖాలు చూడటం మాని కిందికి చూశాను. ఒకదానికొకటి అడ్డం రాకుండా, మడమ ఆనీ ఆనకుండా కదిలే ఆ పాదాలు, జానెడు బల్ల మీద మూటతో నడిచే మనిషి పాదాలు. అడుగు తప్పితే టిక్కీతో సహా కింద పడే చోట ఆయన నేర్చుకున్న విద్యనే నేను పుస్తకాల్లో బట్టీ పట్టి వచ్చాను.

గంట కొట్టేసరికి సాయిబుగారు రొప్పుతూ నవ్వుతూ, "ఇదండీ నేను ఓడిపోయిన పద్ధతి. రాసుకోండి" అన్నాడు. పిల్లలు ఈలలు వేస్తూ మా మేనమామని భుజాలకెత్తుకోబోయి, మోయలేక దించేశారు. ఆ రోజు ఆయన నవ్వినంత గట్టిగా మరెప్పుడూ నవ్వగా నేను వినలేదు.

మర్నాటి నుంచి మా శిక్షణలోకి బల్లా, ఇసక మూటా వచ్చి చేరాయి. ఆ నడక నేర్చుకున్న మా పిల్లలు తర్వాత రాష్ట్రం కప్పులు తెచ్చారు. మరుసటి సంచికలో నా తప్పు ఒప్పుకుని రాశాను. అది విన్న మర్నాడే ఆయన మా ఇంటికి భోజనానికి వచ్చాడు.

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. ఈనాటి పోటీల్లో గుద్దు గుద్దుకీ లెక్క కట్టే యంత్రాలున్నాయి, గెలిచినవాణ్ణి పొగిడేవాళ్ళకీ తిట్టేవాళ్ళకీ కొదవ లేదు. తనని ఓడించినవాడి గొప్పతనం కోసం బస్సెక్కి తగువుకొచ్చిన మనిషిని మాత్రం నేను మళ్ళీ చూడలేదు. ఇన్నేళ్ళలో ఎందరో పిల్లలకి గెలవడం నేర్పాను గానీ, ఆయనలా ఓడిపోవడం ఒక్కడికీ నేర్పలేకపోయాను.