ఏడుతో నిశ్శేషంగా పోయిన నంబరు

తల వెంట్రుకలను సైతం లెక్కపెట్టి ఉంచిన దేవునికి స్తోత్రం. ఆయన లెక్క ఎన్నడూ తప్పలేదు. తప్పినదల్లా నాదే.

ఆ రోజుల్లో అశోక్‌నగర్ హాస్టల్లో ఒక మంచం కిరాయికి తీసుకుని మూడోసారి గ్రూప్స్ పరీక్షకు చదువుతుండేవాణ్ణి. "బిడ్డా, ఇదే ఆఖరుసారి. రాకుంటే వచ్చి దుకాణంల కూసో" అని నాన్న ఫోన్లో చెప్పేశాడు. ఆ భయానికి ఒక్క పేజీ బుర్రకెక్కేది కాదు. బతుకు ముగిసిపోయిందనుకుంటున్న ఆ నిస్పృహలో హాల్‌టికెట్ వచ్చింది. నంబరును బైబిలు అట్ట లోపల రాసుకుని (ప్రార్థన అంశాలు అక్కడ రాసుకోవడం మా సంఘంలో అలవాటు) బైబిల్లో పరిపూర్ణతకు గుర్తైన ఏడుతో ఊరికే భాగించి చూశాను. 4,77,63,240. నిశ్శేషంగా పోయింది! వచ్చినదాన్ని మళ్లీ ఏడుతో భాగిస్తే మళ్లీ పోయింది. ఇశ్రాయేలు గోత్రాల పన్నెండుతో పోయింది, యేసు అరణ్యంలో ఉపవాసమున్న నలభైతో పోయింది, క్షమాపణకు చెప్పిన డెబ్బై ఏడుల నాలుగు వందల తొంభైతోనూ పోయింది. నాకు కన్నీళ్లాగలేదు. నలభై రోజులు పగలంతా ఉపవాసముండి ఆ నంబరు కోసమే మోకరించాను (పాలిటీ పుస్తకం కూడా నాతోపాటు నోరు మూసుకునే ఉంది).

పక్క మంచం అన్న లెక్కల్లో దిట్ట. "తమ్మీ, నూట ఇరవైతోటి పోయే నంబరు పన్నెండుతోటి, నలభైతోటి పోక ఏడికి పోతది? జర ఎకానమీ చదువు."

"నీకు విశ్వాసం లేదన్నా."

"నాకు విశ్వాసం లేదు, నీకు సిలబస్ లేదు. ఎవ్వనికి వస్తదో చూద్దాం!"

పరీక్షలో హాల్‌టికెట్ చూసే నంబరు నింపాను. ఫలితాలకు మాత్రం బైబిలు తెరిచాను. జాబితాలో నంబరుంది! నాన్న ఫోన్లోనే ఏడ్చాడు. ఆదివారం నారాయణగూడ మందిరంలో నిలబడి భాగహారమంతా సాక్ష్యంగా చెప్పాను. సంఘమంతా హల్లెలూయా అంది. మరునాడు సర్టిఫికెట్ల ఫారం నింపించడానికి చిక్కడపల్లి నెట్ సెంటరుకు వెళితే, అక్కడి అన్న హాల్‌టికెట్‌ను అటూ ఇటూ తిప్పాడు. "ఏంది తమ్మీ, నువ్వు చెప్పిన నంబరు ఇది కాదు గదా?"

కాదు. 4,76,73,240. రాసుకునేటప్పుడు ఆరూ ఏడూ తారుమారు చేశాను. జాబితాలో ఈ నంబరు లేదు. నిలబడ్డచోటే ఏడుతో భాగించాను. శేషం ఆరు. ఏడుకు ఒకటి తక్కువ, బైబిల్లో మనుష్యుని సంఖ్య.

నాన్నకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. పాస్టరయ్యగారు నా భుజం మీద చెయ్యివేసి, "ప్రార్థన వ్యర్థం కాలేదు బాబూ, రాసిన నంబరుకే చేరింది" అన్నారు. ఆయన ఓదార్చారో నవ్వాపుకున్నారో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు దుకాణంలో కూర్చుని, భాగహారం తప్ప మరేదీ చదవని ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే జాలితో నవ్వొస్తుంది. ఆ నంబరు గల అన్నో అక్కో ఏ కార్యాలయంలో ఉన్నారో నాకు తెలియదు. వారి కోసం నలభై రోజులు పస్తులున్నవాడు ఒకడున్నాడని వారికీ తెలియదు. వారి చెయ్యి లంచం ముట్టకుండా, పని మీద వచ్చిన పేదవాణ్ణి తిప్పి పంపకుండా ఉండాలని ఈనాటికీ అడుగుతుంటాను. మీరు కూడా నాతోపాటు ఒక్క నిమిషం తల వంచండి.