గౌరి గుండె దడకు నేను చేసిన వైద్యం

బంగారంలాంటి మేనకోడలిని రాష్ట్ర జట్టులోకి వెళ్లకుండా ఆపాలంటే మేనమామకు ఎంత చదువు కావాలో మీకు తెలుసా? పెద్దగా అక్కర్లేదండీ. ఒక్క శిక్షణా తరగతి చాలు. నేను స్వయంగా ప్రయత్నించి, దాదాపు సాధించిన మనిషిని.

విజయనగరంలో జూనియర్ కాలేజీ లెక్చరర్ని నేను. ఒక వేసవిలో మా అందరినీ కూర్చోబెట్టి ఒత్తిడి గురించి పాఠం చెప్పించారు. మన నాడీ వ్యవస్థకు కొన్ని స్థితులుంటాయట. ఆపద అనిపిస్తే ఒళ్లు పోట్లాటకో పరుగుకో సిద్ధమవుతుంది, గుండె దడదడలాడుతుంది. భయం మరీ మించితే మనిషి కొయ్యబారిపోతాడు. ఊపిరి నిదానంగా, పొడుగ్గా వదిలినా, తుమ్మెదలా సన్నగా రొద చేసినా, మొహాన చన్నీళ్లు కొట్టుకున్నా ఒళ్లు మళ్లీ నెమ్మదిస్తుంది. పాఠంలో తప్పేమీ లేదు. తప్పంతా విద్యార్థిది.

మా అక్క కూతురు గౌరి నెల్లిమర్ల దగ్గర పల్లెలో ఉంటుంది, ఇంటర్ చదువుతూ బరువులెత్తుతుంది. మా వైపు ఆడపిల్లలు బరువులెత్తడం వింతేమీ కాదు. ఊళ్లో ఒక రేకుల షెడ్డు, అందులో ఒక మాస్టారు ఉంటే చాలు, పిల్లలు తయారైపోతారు. జట్టు ఎంపిక దగ్గరపడే కొద్దీ గౌరికి అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. నేను వెళ్లి పొడుగు ఊపిరి నేర్పాను. వారం తిరిగేసరికి పిల్ల కడుపు నిండా తిని హాయిగా నిద్రపోయింది. మా అక్క సంతోషం పట్టలేక నాకు నాటుకోడి వండి పెట్టింది. ఆ కోడి కూర నా కడుపులోకి కాకుండా నెత్తికి ఎక్కింది.

ఎంపిక శ్రీకాకుళంలో. పెట్టిన బరువును తల మీదికి ఎత్తి నిలపాలి. మూడు అవకాశాలు ఇస్తారు, ఒక్కసారి నిలిపినా జట్టులో చోటు ఖాయం. మాస్టారికి ఒక పద్ధతి ఉంది. పిల్ల వేదిక ఎక్కేముందు పేరు పెట్టి ఒక కేక పెట్టి, వీపు మీద ఫెడీమని ఒక్కటి చరుస్తారు. అది చూస్తే నా ప్రాణం చివుక్కుమనేది. ఆ రోజు ఆయన ఏదో సంతకం కోసం అవతలికి వెళ్లారు. గౌరి నా చేతికి చిక్కింది.

"గుండె తెగ కొట్టుకుంటన్నాది మావా," అంది పిల్ల. మొహం ఎర్రబడింది, పాదాలు నేల మీద నిలవడం లేదు. వైద్యుడికి ఇంతకన్నా ఏం కావాలి? కుర్చీలో కూర్చోబెట్టాను. ఊపిరి వదిలించాను. ఇద్దరం కళ్లు మూసుకుని తుమ్మెద రొద చేస్తుంటే, పక్కన ఉన్న పిల్లలు తేనెపట్టు ఎక్కడుందా అని పైకి చూశారు. ఆఖరున చన్నీళ్లు కొట్టాను. పేరు పిలిచే వేళకు గౌరి ఆవులించింది. నేను గర్వపడ్డాను.

వేదిక ఎక్కిన పిల్ల బరువులు తగిలించిన ఆ ఇనుప బారును చుట్టాల పసిబిడ్డను చూసినట్టు ముద్దుగా చూసింది. బారు మోకాళ్ల దాకా వచ్చి, ఇంకెందుకులే అన్నట్టు కిందికి దిగిపోయింది.

మాస్టారు పరుగెత్తుకొచ్చారు. "ఏటి సేసినారు బాబూ పిల్లని? నిద్దర్లో నడిసినట్టు నడస్తన్నాది." నేను నాడీ వ్యవస్థతో మొదలుపెట్టాను గానీ ఆయన వినలేదు. రెండోసారి తన పద్ధతిలోనే కేక పెట్టి, చరిచి పంపారు. కానీ బారు మీద చెయ్యి వెయ్యగానే గౌరికి మా తుమ్మెద రొద గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వుతూ ఎత్తిన బరువు భుజాల దాకా వెళ్లి ధభీమని పడింది.

ఇక ఒక్క అవకాశమే ఉంది. తెల్లవారకుండా లేచి ఆ షెడ్డుకు పరుగెత్తిన పిల్ల కష్టమంతా నా మూలంగా నీళ్లపాలు కాబోతోంది. నా నోరు పిడచగట్టుకుపోయింది. పొందూరు చొక్కా వీపుకి అతుక్కుపోయింది. కాళ్లు కదలవు. ఊపిరి వదలాలని తెలుసు, ఎలా వదలాలో తెలియలేదు. పాఠంలో చెప్పిన కొయ్యబారడం ఇదేనని మాత్రం అర్థమైంది.

తన కష్టం తాను చూసుకోవలసిన ఆ వేళ గౌరి నా దగ్గరికి వచ్చింది. నా చెయ్యి పట్టుకుంది. "గాలి వదులు మావా. నెమ్మదిగా వదులు. నువ్వు సెప్పినట్టే." వదిలాను. మళ్లీ వదిలించింది. నా కాళ్లలోకి ప్రాణం వచ్చింది.

"నిద్దరకీ తిండికీ నీ ఊపిరి బాగా పన్జేసినాది మావా," అంది. "ఇక్కడ నాది భయం కాదు. ఆ దడ నాకు కావాల. అదే బారుని లేపుతాది." పోట్లాటకు ఒళ్లు సిద్ధమవడం అని పాఠంలో చెప్పింది దీని గురించే కదా. రాసుకున్నాను, పిల్లలకు చెప్పాను, నాకు మాత్రం ఎక్కలేదు.

గౌరి వెనక్కి తిరిగి వీపు చూపించింది. "పడుకోబెట్టింది నువ్వే, లేపాల్సింది కూడా నువ్వే. కొట్టు."

జీవితంలో ఎవరినీ కొట్టని వాణ్ణి. పేరు పెట్టి కేక వేసి, ఒక్కటి చరిచాను. నా అరచెయ్యి భగ్గుమంది. పిల్ల కళ్లు చింతనిప్పుల్లా వెలిగాయి. బారు దగ్గరికి వెళ్లింది, వంగింది, ఒక్క ఊపున తల మీదికి ఎత్తి నిలబడింది. ఎత్తడం సరిగ్గా ఉందని చెప్పే తెల్ల దీపాలు వెలిగాయి. మాస్టారు నన్ను కౌగిలించుకున్నారు, నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను. నా తెలివితక్కువతనాన్ని కూడా తన బరువులో కలుపుకుని ఎత్తేసిన ఆ పిల్లకు ఈ జన్మంతా రుణపడి ఉంటాను.

అందుచేత ఆ రోజు ఎర్రగా కందిపోయిన ఈ కుడి అరచేతి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బారు ముందు నిలబడ్డ ఆడపిల్ల గుండె దడ జోలికి ఈ జన్మలో వెళ్లను.

వెళ్లే అవకాశమూ లేదు లెండి. ఇప్పుడు ప్రతి పోటీకీ ముందు గౌరే నాకు ఫోన్ చేసి అడుగుతుంది: "మావా, గాలి వదిలినావా?" వదిలానని నేను చెప్పేదాకా వేదిక ఎక్కదు.