ఓటర్ల జాబితాలో లేని నా పేరు

నేను పుట్టింది రంగూన్‌లో. మా నాన్న అక్కడ బియ్యం మిల్లులో గుమాస్తా. అదే మిల్లులో పనికి చేరిన ప్రత్తిపాడు దాపుల ఊరి మనిషికి నన్నిచ్చి చేశాడు. యుద్ధం వచ్చి బాంబులు పడ్డప్పుడు నేనూ మా ఆయనా కొండలూ అడవులూ దాటి నడిచి ఈ దేశం చేరాం. ఆ నడక గురించి చెప్పమని ఇప్పటికీ అడుగుతుంటారు. నేను చెప్పను.

ఊళ్లో అడుగుపెట్టిన రోజు నుంచి నన్ను అందరూ ‘రంగూనామె’ అన్నారు. బావి దగ్గరా అదే పిలుపు, మిరప కళ్లంలోనూ అదే. నాకు ఒళ్లు మండేది. పరాయిదానివని రోజుకు పదిసార్లు గుర్తు చేస్తున్నారని అనుకునేదాన్ని. ఎవరన్నా పిలిస్తే పలక్కుండా, తల వంచుకుని తాలుకాయలు ఏరుతూ కూర్చునేదాన్ని. మా పక్కింటావిడ మాత్రం వదిలేది కాదు. “ఏమే రంగూనామే, చెవుల్లో మిరపగింజలు పోసుకున్నావా?” అని కళ్లం అవతలి నుంచి అరిచేది. ఆమె గొంతు మూడు వీధులకు వినిపిస్తుంది.

నేను రాజకీయాల్లోకి వచ్చింది కూడా కోపంతోనే. పంచాయతీలో ఆడమనిషి ఉండాలని చట్టం వస్తే, చదువు వచ్చినదాన్ని కదా అని నన్ను వేశారు. మీటింగులకు రానక్కర్లేదట. మినిట్సు పుస్తకం ఇంటికే పంపుతారట, సంతకం పెడితే చాలట. ఆ పుస్తకం తెచ్చిన బంట్రోతును వెనక్కి నడిపించుకుంటూ వెళ్లి, మగవాళ్ల మధ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చుట్టలు ఆర్పాలో వద్దో తెలియక వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊరి చివరి వాడకు మంచినీళ్ల బావి ఎందుకు లేదని అడిగాను. ఏడాది తిరక్కుండా బావి పడింది. తర్వాత పంచాయతీ సమితిలోకి కూడా నన్నే తీసుకున్నారు. అక్కడా ఊరుకోలేదు.

అరవైల్లో ఒకసారి అసెంబ్లీ ఎన్నికలకు నిలబడ్డాను. అప్పటిదాకా నన్ను ఇతరులు వేయడమే తప్ప నేను పోటీ చేసింది లేదు. అవతలి అభ్యర్థి పత్తి మిల్లు యజమాని. నామినేషన్ కాగితం మీద నా పేరు రాసి, నంబరు మాత్రమే ఉన్న పాత ఓటు స్లిప్పు చూసి ఆ నంబరు ఎక్కించాను. ఓటర్ల జాబితా తెరిచి చూడాలని తోచలేదు. నా పేరు నాకు తెలియదా అన్న పొగరు.

నామినేషన్లు పరిశీలించే రోజు ఎన్నికల అధికారి కచేరీలో మిల్లు యజమాని ప్లీడరు లేచాడు. “ఈ పేరుగల మనిషి ఓటర్ల జాబితాలో లేదండి. ఆ నంబరు దగ్గర ఉన్నది ‘రంగూనామె’. ఇది మనిషి పేరా? పైగా ఈమె పరదేశి అని జాబితానే చెబుతోంది” అన్నాడు.

నామినేషన్ కొట్టేస్తే పోటీ పోతుంది, అది పెద్ద బాధ కాదు. ఈ ఊరిదాన్ని కాదని సర్కారు కాగితం మీద రాసి ఇస్తారు. ఆ కాగితం పట్టుకుని మళ్లీ కళ్లంలోకి ఏ మొహంతో వెళ్లను?

నన్ను గుర్తుపట్టే ఊరివాళ్లు ఉంటే పిలవమన్నాడు అధికారి. మా ఆయన సాక్ష్యం చెల్లదన్నారు. కచేరీ చూద్దామని మాతో బస్సెక్కి వచ్చిన పక్కింటావిడ బయట వేరుశనక్కాయలు తింటోంది. ఇంకెవరూ లేరు. ఆమెనే లోపలికి పిలిచి ప్రమాణం చేయించారు.

“ఈమె ఎవరు?”

“మా రంగూనామె అండి.”

“అసలు పేరు?”

“పేరేందో నాకేం తెలుసండి? మా ఊళ్లో కోడళ్లను పేరు పెట్టి ఎవరు పిలుస్తారు?”

నా పని అయిపోయిందనుకున్నాను.

“మరి జాబితాలో ఇట్లా ఎవరు రాయించారు?”

“నేనేనండి. రాసుకునేవాళ్లు వచ్చినప్పుడు ఈమె కళ్లంలో ఉంది.”

ప్లీడరు నవ్వాడు. పక్కింటావిడ అతని మీదికి తిరిగింది. “ఏంది నవ్వుతున్నావయ్యా? మా ఊళ్లో కోడళ్లందర్నీ పుట్టింటి ఊరితోటే పిలుస్తాం. నేను అద్దంకామెను. మా ఎదురింట్లో చీరాలామె. మా పేర్లన్నీ అట్లాగే రాయించాం, చూసుకోండి. అద్దంకి నించి వచ్చి నేను ఈ ఊరిదాన్ని అయితే, రంగూన్ నించి వచ్చి ఈమె ఎందుకు కాదు?”

అధికారి పేజీ తిప్పాడు. అద్దంకామె. చీరాలామె. చీమకుర్తామె. వేలు పెట్టి పైకే చదువుతూ పోయాడు. కచేరీలో నవ్వులు మొదలయ్యాయి. “ఈమెను కాదంటే వీళ్లందరి ఓట్లూ కాదనాలి కదండీ” అన్నాడు. ఆ ఆడవాళ్లలో సగం మంది మిల్లు యజమాని వర్గం ఇళ్లవాళ్లే. అది విని మిల్లు యజమానే తన ప్లీడరు కోటు పట్టి లాగాడు. అభ్యంతరం వెనక్కి తీసుకున్నారు.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడి ఏడ్చాను, ఏడుస్తూనే నవ్వాను. పాతికేళ్లుగా పరాయిదానివని అంటున్నారనుకుని నేను మండిపడిన పిలుపు, ఊరు తన కోడళ్లకు పెట్టుకునే పిలుపట. ఒక్కరోజన్నా ఎవరినన్నా అడిగానా? ఆ చీరాలామెతో కలిసి వందసార్లు కాయలు ఏరాను, ఆమెను చీరాలామె అనే పిలిచాను. నా మొద్దుతనానికి నాకే సిగ్గేసింది. కానీ గుండె మీది నుంచి పెద్ద మూట దిగినట్టు ఉంది.

ఆ ఎన్నికలో గెలిచాను కూడా. ఎలా గెలిచానో అందరూ అడుగుతారు. ఓట్ల లెక్కింపు నాకు సరిగా గుర్తే లేదు, ఆ తిరుగు బస్సు మాత్రం గుర్తుంది. పక్కింటావిడ ఒళ్లో మిగిలిన వేరుశనక్కాయలు ఒలుస్తూ అంది:

“ఇదిగో, నువ్వు మా ఊరిదానివని ఆయన ముందు ప్రమాణం చేశా. రేపు హైదరాబాదు పోయి అక్కడే కూర్చున్నావంటే నా మాట అబద్ధం అవుద్ది.”

“ఎక్కడికి పోతానక్కా” అన్నాను.

ఆమెను అక్కా అనడం అదే మొదలు. ఆమె అది గమనించనే లేదు. మొదటి నుంచీ నేను అలాగే పిలుస్తున్నట్టు, సగం గింజలు నా చేతిలో పోసి తినమంది.