పళ్ళబుట్ట కింద ఎర్రగీత

కోదండం కొలకత్తాలోని ఖిదిర్‌పూర్ రేవులో క్రేను కొక్కేనికి సరుకు తగిలించే ముఠాకు మేస్త్రీగా పనిచేసి విరమించినవాడు. ఇంత అనుభవమూ వృథా పోతున్నదని ఆయనకు బెంగ. ఆ బెంగ వంటింట్లో తీరింది.

ఆ వంటింట్లో ఒక మనిషి నిలబడితే రెండో మనిషి గుమ్మంలో ఆగవలసిందే. గట్టు మీద పళ్ళు పెడితే కూర తరగడానికి చోటుండదు. అడుగున గాలాడక పళ్ళు అక్కడే కుళ్ళుతాయి. అందుకని ఆయన భార్య సత్యవేణి మూడంతస్తుల వేలాడే తీగబుట్ట కొనితెచ్చింది. దాన్ని తగిలించి పెట్టమని భర్తను అడగడమే ఆమె చేసిన పొరపాటు.

పైకప్పుకు నాలుగు బోల్టులతో పలక బిగించి, కోదండం దానికి రేవు కొక్కెం ఒకటి తగిలించాడు. అరటి, జామ, బత్తాయి కలిసి నాలుగు కిలోలు దాటవు. అయినా పరీక్ష లేకుండా బరువు ఎక్కించడం ఆయన ఎరగడు. దాదాపు ముప్పై కిలోల నిండు గ్యాసు సిలిండరును వేలాడదీసి, పక్కింటి పుష్పరాణిని సాక్ష్యానికి పిలిచాడు. కొక్కెం చలించలేదు. పొయ్యి ఆవిరి నేరుగా పళ్ళకే తగులుతుందన్న సంగతి మాత్రం ఆ పరీక్షలో తేలలేదు.

పిమ్మట బుట్ట కింద నేల మీద ఎర్రరంగు గీత గీశాడు. వేలాడే బరువు కింద మనిషి నిలబడరాదన్నది రేవులో మొదటి నియమం. పొయ్యి ముందరి చోటంతా ఆ గీత లోపలే ఉంది. సత్యవేణి పోపు వేయబోతే ఈల ఊదాడు. తాను వచ్చి బుట్టను పక్కకు లాగి పట్టుకునేదాకా ఆగమన్నాడు. ఆగినప్పుడల్లా పప్పు మాడింది. ఇన్నేళ్ళుగా ఆమెదైన పొయ్యి ఆమెది కాకుండా పోయింది.

ఒక ఉదయం ఆమె గుమ్మంలో పీట వాల్చుకుని కూర్చుంది.

“ఇయ్యాల ఒంట నేదేటి?” అన్నాడు కోదండం.

“గీత దాటొద్దన్నావు కదా మావా. నాను దాటను. బుట్ట దింపు, ఒండుతాను.”

దింపితే మేస్త్రీ ఓడినట్టు. తానే వండితే తన నియమాన్ని తానే మీరినట్టు. పళ్ళు తీసి గట్టు మీద పెడితే అసలు బుట్టే దండగని తేలుతుంది. చాలాసేపు ఆలోచించి, ఖాళీ బుట్ట బరువు లెక్కలోకి రాదని ఆయన నిర్ణయించాడు. గీత ఇవతల నిలబడి, చేయి చాచి, ఆవిరికి నల్లబడిన అరటిపళ్ళతో తినడం మొదలుపెట్టాడు. అరటిపళ్ళు విడిచిన ఇథిలీన్ వాయువు జామపళ్ళను కూడా మగ్గబెట్టేసింది కనుక, వాయిదాకు వీల్లేదు. మధ్యాహ్నానికి ఆఖరి బత్తాయి కూడా అయిపోయింది.

“లోడు నేదు. ఎల్లి ఒండుకో,” అన్నాడు పొట్ట పట్టుకుని.

సత్యవేణి పొయ్యి వెలిగించి ఎండుచేపల పులుసు పెట్టింది. ఆయన కంచం దాకా వచ్చి, వాసన చూసి, వెనక్కి వెళ్ళి పడుకున్నాడు. ఆమె నిదానంగా తింది. ఆనాటి నుంచి ఆమె పండన్నది కొనలేదు. కొలకత్తాలో ఇంత దిట్టంగా వేలాడే బుట్ట మరొకటి లేదని, వచ్చినవాళ్ళందరికీ కోదండం దాన్ని చూపిస్తూనే ఉన్నాడు.