అజాన్ వేళ ఆగిపోయిన వీడియో

కృష్ణపట్నంలో రాత్రి డ్యూటీ దిగి, కంపెనీ బస్సులో తూగుతూ ఇల్లు చేరేసరికి అక్క ల్యాప్‌టాప్ ముందు దిగులుగా కూర్చుని ఉంది. ముందురోజు సాయంత్రం ఎక్స్‌పోర్ట్ చేసిన వీడియో సగంలో నల్లబడిపోయిందట. నాకు ఏడుపొచ్చింది. పడుకుందామని వచ్చిన మనిషికి ఇంతకంటే శిక్ష లేదు.

అక్కది మగ్గం పని, జాకెట్ల మీద జరీ పూలు కుడుతుంది. రెండేళ్లుగా వేళ్లు వణుకుతున్నాయి, ఆర్డర్లు తగ్గిపోయాయి. ఆన్‌లైన్‌లో కుట్టు నేర్పేవాళ్లెవరో టీచరుగా తీసుకుంటామని, ముందు పది నిమిషాల పాఠం పంపమన్నారు. గడువు ఆ సాయంత్రం ఆరు. ఫోన్ కెమెరాను మగ్గం మీదికి వంచి, ఆ బొమ్మ ల్యాప్‌టాప్‌లో పడేలా చేసి, అక్క మాటలతో సహా తెరను రికార్డు చేశాం. మళ్లీ కుట్టమంటే ఆ వేళ్లు ఒప్పుకోవు.

రికార్డింగు బాగానే ఉంది, దాన్ని పంపే ఫైలుగా మార్చే ఎక్స్‌పోర్టుతోనే తంటా. మా ముసలి ల్యాప్‌టాప్‌కు గంటన్నర పడుతుంది. పాత ఫోటోలు తీసేసి జాగా చేశాను, ఫార్మాట్ మార్చాను. మధ్యాహ్నం మళ్లీ పెడితే సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చార్జరును కూడా తిట్టాను.

మూడోసారి పెట్టి పక్కనే చాప మీద వాలాను. సాయంత్రం నమాజుకు పిలిచే అసర్ అజాన్ వినపడి కళ్లు తెరిస్తే, అమ్మ తల మీద కొంగు కప్పుకుని ల్యాప్‌టాప్ మూత మూయబోతోంది. చెయ్యి అడ్డం పెట్టాను.

"అజాన్ అవతా ఉంటే బొమ్మలేందిరా?" అంది.

"నిన్న, మద్దేనం కూడా మూసినావా?"

"మూసినా. అయిపోయినాక తెరిచి పెట్టినా కదా."

మా ఇంట్లో అజాన్ పలికితే టీవీ ఆపేస్తారు. ఆమెకు కదిలే బొమ్మ ఏదైనా టీవీయే. కోప్పడే ఓపిక కూడా లేదు నాకు. మూత పడితే ల్యాప్‌టాప్ ఆగిపోయి అక్క పాఠం చెడిపోతుందని చెప్పాను. అమ్మ మూత వదిలేసి, తెర మీద తువ్వాలు కప్పింది.

నమాజు చేసుకుని వచ్చి తువ్వాలు తీసింది. అక్కకు పని నేర్పింది ఆమే. ఫైలు పూర్తయ్యేదాకా తెర మీద అక్క కుట్టడాన్ని కదలకుండా చూసింది. ఈసారి బాగా వచ్చింది, పంపించేశాం.

"ఎట్టుందిమా?" అని అడిగింది అక్క.

"వేళ్లు వణకతా ఉండాయి."

అక్క తల దించుకుంది.

"నా వేళ్లు వణికినప్పుడు నేను మగ్గం ఎత్తి అటక మీద పెట్టేసినా," అంది అమ్మ. "నువ్వు పెట్టలా."